‘మీ వంశంలో ఎవరికైనా ఉందా?’ అని అడిగే ఉద్యోగం

మానసిక వైద్యశాలల్లో సోషల్ వర్కర్లుగా కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. “ఈ ఉద్యోగానికి అన్నిటికంటే ముఖ్యంగా ఏం కావాలండీ?” అని అడుగుతారు. ఓర్పు అనో, దయ అనో చెబుతానని ఎదురుచూస్తారు. నవ్వు ఆపుకోవడం రావాలి అంటాను. వేళాకోళం అనుకుంటారు గానీ, కాదు. రోగులను చూసి నవ్వొస్తుందని కాదు నేననేది. రోగులు చాలావరకు పద్ధతైన మనుషులు. నవ్వు తెప్పించేది చుట్టుపక్కల ఉండే మనం.

మా నాన్నగారు సచివాలయంలో గుమాస్తా. యాభై ఆరులో కర్నూలు నుంచి హైదరాబాదుకు ఫైళ్లతో పాటు మమ్మల్నీ తరలించారు. నాంపల్లిలో కాపురం పెట్టాం. నేను సోషల్ వర్క్ చదివి, అరవైల మొదట్లో, అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఉన్న ఒక మానసిక వైద్యుడి దగ్గర చేరాను. ఆయన పేరు విఠల్ రావు. పాత హైదరాబాదు కుటుంబం, విదేశంలో చదువు. ఆయన వైద్యం మీద నాకెప్పుడూ అనుమానం లేదు. అనుమానమంతా ఆయన ఉత్సాహం మీదే.

డాక్టరు గారికి ఒక్కటే ధ్యాస. స్కిజోఫ్రీనియా అనే జబ్బు వంశంలో ఎలా నడుస్తుందో తేల్చాలి. ఈ జబ్బు వచ్చినవాళ్లకు ఎవరూ లేకపోయినా గొంతులు వినిపిస్తాయి, ఎవరో తమను వెంటాడుతున్నారని గట్టిగా నమ్ముతారు, మాట ఒకదానికొకటి అతకదు. కొన్ని కుటుంబాల్లో ఇద్దరు ముగ్గురికి కనబడుతుంది, కొన్నిట్లో ఒక్కరికే. ఎందుకు? అందుకని రోగి ఇంటికి వెళ్లి మూడు తరాల సంగతి కనుక్కు రావడం నా పని.

పన్ను నొప్పుల సందు

ముందు మా మెట్ల గురించి చెప్పాలి. మేడ మీద కుడివైపు మాది, ఎడమవైపు ఒక పళ్ల డాక్టరుది. కింద వీధిలోకి ఆయన బోర్డు నిలువెత్తున ఉండేది, దాని మీద ఎర్రటి చిగుళ్లతో రెండు వరసల పళ్లు. మాది పలకంత బోర్డు. మా దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ దారిలో ఎవరైనా కనబడితే పన్ను నొప్పి అనేవాడు. మందుల కోసం ప్రతి నెలా రావాలి కదా, ప్రతి నెలా పన్ను నొప్పే. నాంపల్లిలో అందరికీ పళ్లు పాడయ్యాయని ఊళ్లో పేరు పడింది. నిజానికి ఆ పళ్ల డాక్టరు పాపం పొద్దస్తమానం ఖాళీగా కూర్చుని, తన గుమ్మం ముందు నుంచి దవడ పట్టుకుని మా గదిలోకి దూరే జనాన్ని ఆశగా చూస్తూ ఉండేవాడు.

ఇక నా పనిలో చిక్కు వేరు. “మీ నాన్నగారికి తోబుట్టువులెందరు? మీ మేనత్తకు పెళ్ళెందుకు కాలేదు? చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి వెళ్లినవాళ్లున్నారా?” ఇవి నేనడగాల్సిన ప్రశ్నలు. పెళ్ళి సంబంధాలు చూసేవాళ్లు అడిగే ప్రశ్నలు కూడా ఇవే. ఒక ఇంట్లో నేను రెండో ప్రశ్న వేసేసరికి ఇల్లాలు లోపలికి పరుగెత్తి, కూతురికి పట్టుచీర కట్టించి, హార్మోనియంతో సహా తెచ్చి నా ఎదుట కూర్చోబెట్టింది. అమ్మాయి పాడింది. నేను విన్నాను. నేనొచ్చింది వాళ్ల తాతగారి గురించని చెప్పేసరికి జంతికల పళ్లెం వెనక్కి వెళ్లిపోయింది.

గోడకవతలి చప్పుడు

వంశం మీద పట్టుదల మంచిదే గానీ అది మితిమీరితే ఏమవుతుందో డాక్టరు గారి దగ్గరే చూశాను.

నాంపల్లి స్టేషను అవతల ఒక ఇంట్లో పాతికేళ్ల కుర్రాడికి నిద్ర పట్టడం లేదని తీసుకొచ్చారు. తెల్లవారకముందు నుంచే ఎవరో చెవిలో ‘ధబ్ ధబ్’ మని కొడుతున్నారంటాడు. వాళ్ల నాన్నను అడిగితే, “ఔ, నాకు గూడ వినవడ్తది” అన్నాడు. నాన్నమ్మను అడిగితే, “నేను గా ఇంటికి కోడలుగ వచ్చిన కాడికెల్లి వింటున్న బిడ్డా” అంది.

డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. “మూడు తరాలు కామేశ్వరీ! మూడు తరాలకు ఒకటే చప్పుడు! లోకంల ఎక్కడన్న విన్నవా గిట్లాంటిది?” అని గదంతా తిరిగారు. విదేశంలో తన గురువుగారికి రాయాలన్నారు. నాన్నమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి, ఆమె రక్తం వేరు కదండీ అన్నాను. “అయితె ఇంకా పెద్ద విషయం!” అన్నారు.

మర్నాడు పొద్దున నేను వాళ్లింటికి వెళ్లాను. కూర్చోగానే ధబ్, ధబ్, ధబ్. గోడ అవతలి ఇంట్లో నలుగురు మనుషులు వరుసగా కూర్చుని, తోలు పొరల మధ్య వెండి పెట్టి సుత్తులతో బాదుతున్నారు. మిఠాయిల మీద అద్దే వరక్ తయారీ అది. తాతల నాటి నుంచి వాళ్లదే పని.

వచ్చి చెప్పాను, “నాకూ వినిపించిందండీ” అని.

డాక్టరు గారు కళ్లజోడు తీసి నన్ను పైకీ కిందికీ చూశారు. “నీకు గూడనా? ఎప్పటి సంది? మీ ఇంట్ల ఎవరికన్న ఉన్నదా?”

వెండి రేకుల సంగతి వినిపించాక కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “ఒక కుటుంబంల అందరికి ఒకటే రక్తం ఉంటది. ఒకటే గోడ గూడ ఉంటది. రెండూ చూడాలె” అన్నారు. ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. ఆ కుర్రాడు వేరే వైపు గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. హాయిగా నిద్రపోయాడు.

వంటాయన

మా పాత రోగుల్లో రాజయ్య గారని ఒకాయన ఉండేవారు. గౌలిగూడలో ఒక ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని చేసేవారు. వయసులో ఉండగా, రేడియోలో వార్తలు చదివేవాళ్లు తనను పేరు పెట్టి తిడుతున్నారని నమ్మి చాలా బాధపడ్డారు. మందులు మొదలయ్యాక స్థిమితపడి, మళ్లీ పనిలోకి వెళ్లారు. “ఇప్పటికి గూడ ఒకాయిన అప్పుడప్పుడు తిడుతడమ్మా,” అనేవారు నాతో. “నేను పట్టించుకోను. ఆయినకు వేరే పని లేదు.”

రాజయ్య గారికి పెళ్ళి కాలేదు. తమ్ముడు మల్లేశం ఇంట్లో ఉండేవారు. మల్లేశానికి అబిడ్స్‌లో గొడుగుల దుకాణం. ఆయన కూతురు విజయ బీఏ చదివింది. ఆ పిల్లకు నాంపల్లిలోనే ఉంటున్న ఒక ఆంధ్ర కుటుంబంతో సంబంధం కుదరబోతోంది. పెళ్ళికొడుకు సుధాకర్ బ్యాంకు ఉద్యోగి. తండ్రి సుబ్బారావు గారు, మా నాన్నగారిలాగే కర్నూలు నుంచి ఫైళ్లతో వచ్చిన మనిషి.

ఒక నెల మందులకొచ్చినప్పుడు రాజయ్య గారు నవ్వుతూ చెప్పారు. “పెండ్లిసూపులు అయినయమ్మా. నేను ఆ దినం వంటోన్ని.”

“మీరు వంట చేశారా?”

“చేసుడు గాదు. నేను వంటోన్నే. తమ్ముడు అట్లనే చెప్పిండు వాళ్లకు. పెద్దన్న ఉన్నడంటే ఏం పని, పెండ్లెందుకు కాలే అని అడుగుతరు గద. అందుకని భుజం మీద తువ్వాల వేసి వంటింట్ల నిలబెట్టిండు. ఉప్మా చేసిన. పిల్లగాని నాయిన మూడుసార్లు పెట్టించుకున్నడు. పోంగ పోంగ వంటింట్లకు వచ్చి, ‘ఇక్కడ జీతమెంతిస్తారయ్యా? మా ఇంటికి రాకూడదూ?’ అని అడిగిండు.”

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వారు. తర్వాత చేతిలో మందు పొట్లం అటూ ఇటూ తిప్పుతూ, “విజయ నా కాళ్లకు దండం పెట్టనీకి వంటింట్లకు రాబోయిందమ్మా. తమ్ముడు కండ్లతోనే వద్దన్నడు. బిడ్డ మొహం చిన్నగైంది” అన్నారు.

రెండు మంచి పళ్లు

కొన్నాళ్లకు ఒక ఉదయం మల్లేశం అన్నగారిని మా గదిలో వదిలి, బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. మెట్ల మీద చప్పుడైంది. సుబ్బారావు గారు ఒక నడివయసు ఆవిడను చెయ్యి పట్టుకుని పైకి తీసుకొస్తున్నారు. నేను గుమ్మంలో ఉన్నాను. ఆవిడ నాకు బాగా తెలుసు. శారదాంబ గారు, ఏడాదిగా మా దగ్గరే మందులు వాడుతున్నారు. ఆవిడ సుబ్బారావు గారి చెల్లెలని తెలుసు గానీ, ఆయన కొడుకే విజయను చేసుకోబోయే సుధాకరని అప్పటిదాకా నాకు తెలియదు. పెళ్ళివారికి మాత్రం ఆయన, చెల్లెలు కాశీ వెళ్లిందని చెప్పారట.

వియ్యంకులు కాబోయేవాళ్లిద్దరూ ఒకరినొకరు చూసి రాళ్లలా నిలబడిపోయారు.

“మీరేమిటండీ ఇక్కడ?” అన్నారు సుబ్బారావు గారు.

మల్లేశం చెయ్యి దానంతటదే దవడ మీదికి వెళ్లింది. “పన్ను... జర పన్ను నొస్తున్నదండి.”

“అయ్యయ్యో! నాకూ పన్నేనండీ!” అని సుబ్బారావు గారు కూడా దవడ పట్టుకున్నారు. చెల్లెలిని మా గుమ్మం వైపు మెల్లిగా నెట్టి, “ఈవిడెవరో మెట్లెక్కలేకపోతుంటే చెయ్యందించానండీ” అన్నారు.

శారదాంబ గారు అన్నగారిని ఒక చూపు చూసి మా గదిలోకి వచ్చారు.

ఎడమవైపు తలుపు తెరుచుకుంది. పళ్ల డాక్టరుకు ఇద్దరి మాటలూ వినబడ్డాయి. ఒకేసారి ఇద్దరు! ఆయన మొహం వెలిగిపోయింది. “రండి రండి, కూర్చోండి!” అని ఇద్దరినీ రెండు చేతులా లోపలికి లాక్కుపోయాడు. లోపల జరిగింది తర్వాత ఆయనే మాకు చెప్పాడు.

“ముందు మీరు కానియ్యండి” అన్నాడు మల్లేశం.

“అబ్బే, పిల్లనిచ్చేవారు, ముందు మీరే” అన్నారు సుబ్బారావు గారు.

మర్యాదలో మల్లేశం ఓడిపోయాడు. ఏ పన్ను అని అడిగితే ఏదో ఒకటి చూపించాడు. దవడ పన్ను, గట్టిది. డాక్టరు కిందామీదా పడి లాగాడు. సుబ్బారావు గారు తప్పించుకుందామని లేచారు గానీ, రక్తం ఉమ్ముతూ మల్లేశం, “కూసోండి బావగారు, ఏం నొప్పి లేదు” అని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. రెండో పన్ను కూడా ఊడింది.

ఇక్కడ మా గదిలో జరిగింది వేరు. రాజయ్య గారు, శారదాంబ గారు ఒకే బల్ల మీద కూర్చుని మాటల్లో పడ్డారు. నేను పక్కనే ఉన్నాను.

“మీకు ఏం వినిపిస్తుందండీ?” అని ఆవిడ ఎంతో మామూలుగా అడిగారు, ఏ ఊరండీ అన్నట్టు.

“ఒకాయిన తిడుతడు. మీకు?”

“నాకు ఇద్దరండీ. వాళ్లలో వాళ్లే పోట్లాడుకుంటారు. మందు వేసుకుంటే కాస్త దూరంగా వెళ్లి పోట్లాడుకుంటారు.”

రాజయ్య గారు పడీ పడీ నవ్వారు. తర్వాత తన తమ్ముడి కూతురి పెళ్ళి గురించి చెప్పారు. ఆవిడ తన మేనల్లుడి పెళ్ళి గురించి చెప్పారు. పేర్లు కలిశాయి. “అయితే ఆ ఉప్మా మీరు చేసిందేనా!” అన్నారావిడ. “మా అన్నయ్య వారం రోజులు అదే మాట!”

అప్పుడే నోటినిండా దూదితో వియ్యంకులిద్దరూ మా గుమ్మం ముందుకు వచ్చారు. లోపల బల్ల మీద వంటాయన, కాశీ వెళ్లినావిడ కలిసి నవ్వుతున్నారు.

“వం... వం...” అన్నారు సుబ్బారావు గారు రాజయ్య గారిని చూపిస్తూ.

“ఈ అమ్మ మీ చెల్లెనట” అన్నారు రాజయ్య గారు లేచి నిలబడి. “నేను వంటోన్ని గాదు బావగారు. పిల్లకు పెదనాయినను.”

“కా... కాశీ...” అన్నాడు మల్లేశం శారదాంబ గారిని చూస్తూ.

“ఎక్కడి కాశీ అండీ? నేను నాంపల్లి దాటితేగా” అన్నారావిడ.

ఇద్దరు పెద్దమనుషులూ ఎదుటివాడు మోసం చేశాడని కోపంతో ఊగిపోయారు. నోట్లో దూది వల్ల ఒక్క మాటా అర్థం కాలేదు. ఎవరి మనిషిని వాళ్లు తీసుకుని చెరోవైపు వెళ్లారు. సంబంధం చెడిపోయిందని మాత్రం అర్థమైంది.

పల్లీలు

రెండు రోజుల తర్వాత విజయ ఒంటరిగా వచ్చింది. దవడ పట్టుకుని రాలేదు. తిన్నగా డాక్టరు గారి ఎదుట కూర్చుంది.

“డాక్టర్ సాబ్, నాకు సాఫ్ సీదా చెప్పండి. మా పెదనాయినకు ఉన్నది. వాళ్ల అత్తకు ఉన్నది. నాకు వస్తదా? నా పిల్లలకు వస్తదా? మా నాయిన ఇల్లంత తిరుగుతున్నడు, డబుల్ అయితది డబుల్ అయితది అనుకుంట.”

డాక్టరు గారు సొరుగులోంచి వేయించిన పల్లీల పొట్లం తీసి బల్ల మీద గుమ్మరించారు. అది ఆయన సాయంత్రం ఫలహారం.

“వీటిని వంద అనుకో. మామూలుగ మనుషుల్ల వందకు ఒకరికి వస్తది ఈ జబ్బు. ఇగో, ఈ ఒక్కటి. తల్లికో తండ్రికో ఉంటే దాదాపు పదిమంది పిల్లలల్ల ఒకరికి. అప్పుడు గూడ తొమ్మిదిమంది మంచిగనే ఉంటరు. నీకు తల్లి గాదు, తండ్రి గాదు, పెదనాయిన. మామూలు కంటె జర ఎక్కువ, అంతే. నీ పిల్లలకు ఇంకా దూరం. రెండు దిక్కుల చుట్టాలకు ఉన్నది గనుక ఇంకొంచెం కలుపుకో. డబుల్ గిబుల్ అని లెక్క లేదు.”

మాట్లాడుతూ ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నారు.

“అయితే రాదు అని చెప్పరా?”

“చెప్పను. రాదన్నా అబద్ధమే, వస్తదన్నా అబద్ధమే. ఒకటే పోలిక కవలలున్నరనుకో, రక్తమంత ఒకటే. ఒకరికి వచ్చినా రెండోవాళ్లకు చానసార్లు రాదు. అంటే రక్తంల ఉన్నది గానీ రక్తమొక్కటే గాదు. మిగతాది ఏందో నాకు తెల్వదు. తెలుసు అన్నోన్ని నమ్మకు.”

విజయ బల్ల వైపు చూసింది. “డాక్టర్ సాబ్, వంద అన్నరు. సగం తిన్నరు.”

డాక్టరు గారు చెయ్యి ఆపారు. విజయ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “సంబంధం చెడిందని మా అమ్మను అంటున్నరు అందరు. పెంచుడు తక్కువై పెద్దాయినకు గట్లయిందని మా నాన్నమ్మను గూడ అనేటోళ్లట” అంది.

“ఆ మాట మీద మాత్రం ఎవరితోనన్న కొట్లాడు” అన్నారాయన గట్టిగా. “తల్లి పెంపకంతోని రాదు ఈ జబ్బు.”

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. ఆ రోజుల్లో విదేశాల్లో పెద్ద పెద్దవాళ్లు కూడా తల్లి ప్రేమ చూపకుండా ముభావంగా ఉండటం వల్లే పిల్లలకు ఈ జబ్బు వస్తుందని రాశారు. ఇక్కడేమో చేతబడి అన్నారు. వంశం అనే మాట చెప్పి డాక్టరు గారు ఎందరో తల్లుల మీది నింద దించారు. అదే మాట పెళ్ళిళ్ల దగ్గర కత్తి అయి కూర్చుంది. ఒకటే నిజం రెండు పనులు చేస్తుంది. ఎవరికి, ఎలా చెప్పామన్నదే మన ఉద్యోగం.

వెళ్లేముందు విజయ నన్ను పక్కకు పిలిచి, సుధాకర్‌తో మాట్లాడాలంది. ఇంట్లో కుదరదు. బజారులో చూస్తే ఊరుకోరు. మా గదిలోకి రమ్మన్నాను. మర్నాడు సాయంత్రం ఇద్దరూ వేరువేరుగా మెట్లెక్కారు. సుధాకర్ దవడ పట్టుకునే వచ్చాడు. పళ్ల డాక్టరు బయటికి తొంగి చూస్తే నేను తలుపు వేసేశాను.

విజయ ముందే మాట్లాడింది. “మా పెదనాయిన పెండ్లిల వంటింట్ల ఉండడు. పందిట్ల కూసుంటడు. నేను ఆయినకు దండం పెట్టినంకనే పీటల మీద కూసుంట. ఒప్పుకుంటే చెప్పు, లేకపోతే ఇప్పుడే పో.”

సుధాకర్ దవడ మీది నుంచి చెయ్యి తీశాడు. “మా అమ్మ నా చిన్నప్పుడే పోయిందండీ. నన్ను పెంచింది మా అత్తయ్యే. జబ్బుగా ఉన్నప్పుడు కూడా నాకు అన్నం పెట్టడం మరచిపోలేదు. నాన్న కాశీ అని చెప్పినరోజు నేను నోరెత్తలేదు. అది తలుచుకుంటే నాకు అన్నం సయించట్లేదు. ఆవిడ లేకపోతే నేనూ కూర్చోను.”

“మరి పిల్లల సంగతి?” అంది విజయ. “పల్లీల లెక్క విన్నవా?”

“పల్లీలేమిటండీ?”

విజయ అతనికి అన్నీ వివరంగా చెప్పింది. డాక్టరు గారికంటే బాగా చెప్పింది, తినకుండా చెప్పింది. విన్నాక అతను, “భయం వేస్తుందండీ” అన్నాడు.

“నాకు గూడ” అంది విజయ. “ఇద్దరం భయపడదాం.”

తండ్రులను ఒప్పించడానికి ఆట్టే కాలం పట్టలేదు. వియ్యంకులిద్దరికీ ఒకే వైపు పన్ను పోయింది. ఏది తినాలన్నా ఒకరికొకరు గుర్తొచ్చేవారట. పెళ్ళిలో రాజయ్య గారు, శారదాంబ గారు ముందు వరసలో కూర్చున్నారు. భోజనాల దగ్గర సుబ్బారావు గారు మాత్రం కొంచెం నిరాశగా, “ఉప్మా ఈయన చేయలేదన్నమాట” అన్నారు.

పాప

డెబ్బైల్లో ఒక మధ్యాహ్నం విజయ మళ్లీ వచ్చింది. ఐదేళ్ల కూతుర్ని చెయ్యి పట్టుకుని, మొహం పాలిపోయి.

“డాక్టర్ సాబ్, ఇది ఒక్కతే మాట్లాడుతున్నది. గోడ మూలకు నిలబడి ఎవరినో పేరు పెట్టి పిలుస్తది. కోప్పడుతది. నేను పొయ్యి చూస్తే ఎవ్వరుండరు. మూడు రోజుల సంది నాకు తిండి పోతలేదు.”

డాక్టరు గారికి అప్పటికి జుట్టు తెల్లబడింది. ఎన్నో ఏళ్లుగా ఎవరొచ్చినా ముందు వంశం గురించే అడిగే మనిషి, ఆ రోజు ఏమీ అడగలేదు. పాపను గదిలో తిరగనిచ్చి, విజయను కుర్చీలో కూర్చోమని సైగ చేశారు.

పాప కాసేపు బల్లను చూసింది, కిటికీని చూసింది. తర్వాత మూలకు వెళ్లి నడుం మీద చెయ్యి పెట్టుకుని గట్టిగా, “సుశీలా, నిలబడు! పలకేది? నిన్న బడికి ఎందుకు రాలే?” అంది. అక్కడ ఎవరూ లేరు. విజయ నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

డాక్టరు గారు మెల్లిగా కుర్చీలోంచి దిగి, మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ నేల మీద కూర్చున్నారు. “నేను గూడ రావాల్నా బడికి?” అని అడిగారు.

పాప ఆయన తెల్లజుట్టును, కళ్లజోడును అనుమానంగా చూసింది. “ఆలస్యంగ వచ్చినవ్. గాడ కూసో. సుశీల పక్కన.”

ఆయన జరిగి కూర్చున్నారు.

“సుశీల మీద కూసున్నవ్!”

ఆయన ఉలిక్కిపడి ఇంకా జరిగారు.

“చేతులు కట్టుకో.”

కట్టుకున్నారు.

విజయ ఉండబట్టలేక అడిగింది. “డాక్టర్ సాబ్... ఏమన్న ఉన్నదా?”

డాక్టరు గారు తల తిప్పకుండా, పెదవుల మీద వేలు పెట్టుకుని, “ష్! మాట్లాడకు” అన్నారు. “టీచరమ్మ కొడతది.”